అడుగకయే పెట్టు చేయి

‘అడుగనిదే అమ్మయైనను పెట్టదు’ అని మనలో సామెత కలదు. ఈ మాటను మేము చిన్ననాటినుండి వినుచునే యున్నాము. మా పిల్లలకును చెప్పుచునే యున్నాము. కాని అడుగుటకు అమ్మయే చెంత లేని బిడ్డ యెవరి నడుగవలెను? నోట మాట యున్నను, ఆ మాట తెలిసినవా రెవరును లేనిచోట ఏమని యడుగవలెను? ఈ సందేహము మాకు 2024వ సంవత్సరపు వేసవిలో, ఇంగ్లండు దేశమున కెంటు మండలమునందు, ఒక యింటి పెరటిలో కలిగెను. అచ్చట మేము చేసిన పొరపాటును, దానివలన నేర్చుకొన్న పాఠమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చెల్లెలు నర్సు. ఇచ్చట చదువు ముగించి, ఆంగ్లభాషా పరీక్షలును వృత్తి పరీక్షలును నెగ్గి, పదేండ్ల క్రిందట ఆ దేశమునకు పోయెను. మా తల్లిగారు లేరు గనుక ఆమె రెండవ పురుటికి మేమే పోవలసి వచ్చెను. మావారు ఉపాధ్యాయులు, బడి విడిచి రాజాలరు. మా కొమార్తెను, మా యింట పెరుగుచున్న మా ఆడుబిడ్డ కొడుకును అత్తగారి కప్పగించి, నాలుగు నెలలు అచ్చట నుంటిమి. ఆ పిల్లవాని సంగతి చివర చెప్పెదము. ఈ వ్యాసమునకు కారణము కొంతవఱకు వాడే.

మా చెల్లెలు మొదట ఆసుపత్రిలో పిల్లల వార్డునందు పనిచేసి, పిదప ప్రభుత్వ సంరక్షణలో నున్న పిల్లల యారోగ్యమును చూచు నర్సుగా కుదురుకొనెను. వీరిలో తల్లిదండ్రులు గతించినవారు కొందఱు. తల్లిదండ్రు లుండియు, హింసచేతనో అశ్రద్ధచేతనో ఆ యింట నుంచుట క్షేమము కాదని వేఱుచేయబడినవారు పెక్కుమంది. ఇంగ్లండులో 2024 మార్చి నాటికి ఇట్టి పిల్లలు సుమారు 83,600 మంది. అందులో సుమారు 7,400 మంది, ఎఱిగిన పెద్దలెవరును వెంట లేక, పరదేశమునుండి ఒంటరిగా వచ్చి శరణు కోరినవారు. నూటికి తొంబదికి పైగా మగపిల్లలే. పదునాఱు, పదునేడేండ్లవారే యెక్కువ. 1989వ సంవత్సరపు బాలల చట్టము ప్రకారము, దిక్కులేక తన గడపలో నిలిచిన బిడ్డ యే దేశమువాడైనను, అచ్చటి స్థానిక ప్రభుత్వమే వానికి నీడ చూపవలెను.

కెంటు మండలము సముద్రపు టొడ్డున నున్నది. డోవరు రేవుకడ ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ నీరు 21 మైళ్లే. ఆకాశము తేటగా నున్ననాడు ఆవలి యొడ్డు కంటికి కనబడును. ఆ నీటిని గాలి నింపిన రబ్బరు పడవలపై దాటువారిలో ఈ పిల్లలును ఉందురు. కొందఱు సరకు లారీలలో దాగి వత్తురు. 2021 ఆగస్టున తాలిబానులు కాబూలును పట్టుకొన్న పిదప ఆఫ్గనిస్తానమునుండియు, 2023 ఏప్రిలున అంతర్యుద్ధము చెలరేగిన పిదప సూడానునుండియు, గడువు లేని నిర్బంధ సైనికసేవ గల ఎరిత్రియానుండియు బాలురు వచ్చుచున్నారు. ఇల్లు విడిచినది మొదలు డోవరు చేరువఱకు కొందఱికి ఏడాది, రెండేండ్లును పట్టును.

మా చెల్లెలి ప్రక్కయింట నొక పోషకమాత యుండెను. పోషకమాత యనగా దత్తత చేసికొన్న తల్లి కాదు. ప్రభుత్వ మప్పగించిన బిడ్డను, అందులకు భృతి పుచ్చుకొని, తన యింట నుంచుకొని పెంచునట్టి గృహిణి. ఆమెకు అఱువదేండ్లుండును. ఆమె యింట నప్పుడు ఎరిత్రియానుండి వచ్చిన పదునాఱేండ్ల బాలుడుండెను. వాని పేరును గుఱుతులును ఇచ్చట వ్రాయము. అవి వాని సొత్తు. మా చెల్లెలు వాని నర్సు కాదు. ఆమె యప్పుడు పురుటి సెలవులో నుండెను.

ఒకనాటి యుదయమున మేము దోసెలు పోయుచుంటిమి. పులిసిన పిండి వాసన దడి దాటి పోయెను కాబోలు, ఆ బాలుడు ఆవల నిలిచి చూచుచుండెను. వారి దేశమున టెఫ్ అను చిఱుధాన్యపు పిండిని పులియబెట్టి ఇంజెర యను పెద్ద యట్టు పోయుదురని, దానికిని మన దోసెవలెనే పైన చిల్లులు పడునని మాకప్పుడు తెలియదు. రెండు దోసెలు పళ్లెములో పెట్టి యందిచ్చితిమి. వాడు దోసెను వ్రేలితో తాకి, చిల్లులను చూచి, నవ్వెను. ఆ పొరుగున వాడు నవ్వగా చూచుట మాకదే మొదలు.

ఆ నవ్వుతో మేము పొంగిపోతిమి. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడదీసికొని, “మీ అమ్మ ఇట్లే చేయునా? అమ్మ యెక్కడ నున్నది? బ్రతికి యున్నదా?” అని వరుసగా నడిగితిమి. వాని మొగము తలుపు మూసినట్లయ్యెను. పళ్లెము చేతబట్టుకొనియే, ఒక్క మాటయు పలుకక లోనికి పోయెను. ఆ రాత్రి ప్రక్కయింటి మేడమీది దీపము తెల్లవాఱువఱకు వెలుగుచునే యుండెను. మఱునాడు ఆ గృహిణి వచ్చి, కోపము లేకయే, వాడు రాత్రియంతయు గదిలో నడచుచునే యుండెనని చెప్పి, “మీరు తిండి పెట్టుడు, సంతోషమే. ప్రశ్నలు మాత్రము వలదు” అని కోరెను.

మాకు మనసు నొచ్చెను. మన దేశమున క్రొత్త పిల్లవాడు కనబడినచో ఎవరి బిడ్డవు, ఏ యూరు, తల్లిదండ్రులు క్షేమమా యని యడుగుటయే కదా మర్యాద! అడుగకున్నచో పలకరింపలేదందురు. ఆ మాటయే చెల్లెలితో అంటిమి. ఆమె పసిబిడ్డను భుజమున వేసికొని వీపు నిమురుచు నిట్లనెను:

“అక్కా, నీకది పలకరింపు. వానికది విచారణ. ఒడ్డున దిగిననాటినుండి సరిహద్దు అధికారి అడుగును, సోషల్ వర్కరు అడుగును, వకీలు అడుగును, శరణు విషయము తేల్చువారు గంటలకొలది యడుగుదురు. మొన్న చెప్పిన తేదీకిని నేడు చెప్పిన తేదీకిని తేడా వచ్చినచో అబద్ధమాడుచున్నాడని తలంతురేమో యని వానికి భయము. పైగా అమ్మ బ్రతికి యున్నదో లేదో వానికే తెలియదేమో! తెలియని దానికి నీకేమని జవాబు చెప్పును?”

ఆ మాట మా గుండెలో నాటెను. అటుపిమ్మట ఆ యూరి గ్రంథాలయమున మేము చదివిన యొక యుదంతము దీనిని మఱింత గట్టిపఱచెను. 1937 మే నెలలో, స్పెయిను అంతర్యుద్ధమునుండి తప్పించి, బాస్కు దేశపు పిల్లలను దాదాపు 4,000 మందిని హబానా యను ఓడపై సౌతాంప్టను రేవునకు తెచ్చిరి. ఊరి వెలుపల పొలములో గుడారములు వేసి, దయగల జనులు చందాలు పోగుచేసి వారిని సాకిరి. జూను 19వ తేదీన బిల్బావో నగరము ఫ్రాంకో సేనల వశమయ్యెను. ఆ వార్తను శిబిరములో లౌడుస్పీకరునందు చదివిరి. తమ తల్లిదండ్రులున్న యూరది! పిల్లలు గొల్లున నేడ్చిరి. ఎందఱో శిబిరము దాటి పరుగులెత్తిరి. చెప్పినవారికి చెడుతలంపు లేదు. మాకును లేదు. కాని మంచితలంపు చాలదని, మాటకొక వేళయు ఒక తీరును కావలెనని మాకు తెలిసివచ్చెను.

అట్లైన నర్సు తన పనిని ఎట్లు సాగించును? ఏమియు నడుగక వైద్యము సాగునా? దీనికి మా చెల్లెలు చెప్పిన వివరములు ప్రతి యిల్లాలికిని పనికివచ్చునవి గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

సంరక్షణలోనికి వచ్చిన ప్రతి బిడ్డను మొదట వైద్యుడు చూడవలెను. 20 పనిదినములలో ఆరోగ్య ప్రణాళిక సిద్ధము కావలెను. పిదప అయిదేండ్ల లోపువారిని ఆఱునెలల కొకసారి, ఆపైవారిని పదునెనిమిదేండ్లు నిండువఱకు ఏడాది కొకసారి మరల చూడవలెను. ఈ చూచుట తఱచు నర్సు వంతు.

మొదట దుబాసి కావలెను. తిగ్రిన్యా, పష్తో, దరీ, అరబీ, కుర్దీ మొదలగు భాషల దుబాసులు కొన్నిమార్లు ఎదుట కూర్చుందురు, కొన్నిమార్లు టెలిఫోనులో పలుకుదురు. స్నేహితునిచేతను బంధువుచేతను చెప్పింపరాదు. ఒకే భాషవారైనను ఒకే పక్షమువారు కాకపోవచ్చును గనుక, ఈ దుబాసి నీకు సమ్మతమా యని పిల్లవానిని ముందుగా నడుగుదురు. పిమ్మట నర్సు తానెవరో చెప్పును: “నేను పోలీసును కాను. నిన్ను దేశమున నుంచుటయు పంపుటయు నా చేతిలో లేదు. నేనేది యడిగినను ఎందుల కడుగుచున్నానో చెప్పెదను. ఇష్టము లేనిచో నీవు జవాబు చెప్పనక్కఱలేదు. కాని నీకుగాని యొరులకుగాని ప్రమాదమని తోచిన సంగతిని మాత్రము నాలో దాచుకొనజాలను.” ఈ కడపటి మాటను ముందే చెప్పవలెనట. తరువాత చెప్పినచో నమ్మించి మోసగించినట్లగును.

ఆమీద మా చెల్లెలు పాదములనుండి మొదలుపెట్టునట. పాదములనుగూర్చి చెప్పుటకు ఎవరికిని భయముండదు. తడి బూట్లలో నెలల తరబడి నడచిన కాళ్లకు పుండ్లు, ఒరుపులు ఉండును. తరువాత పండ్లు, తరువాత కండ్లు, ఆకలి, నిద్ర. టీకాల చీటి లేని బిడ్డకు ఏ టీకాయు వేయనట్లే యెంచి మొదటినుండి వేయుదురు. క్షయ మొదలగు వ్యాధులకు పరీక్షలు చేయింతురు.

ఇఱుకు చోట్ల పండుకొని వచ్చినవారికి గజ్జి సామాన్యము. పెర్మెత్రిన్ అను లేపనమును మెడనుండి అరికాళ్లవఱకు, వ్రేళ్ల సందులను గోళ్ల క్రిందను విడువక పూసి, 8 మొదలు 12 గంటలుంచి కడిగికొనవలెను. వారమునకు మరల పూయవలెను. ఇంటివారందఱును ఒక్కనాడే పూసికొనవలెను; దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల వేడినీట నుతుకవలెను. మందు పట్టిన పిమ్మటను దురద కొన్ని వారములుండును. అది ముందుగా చెప్పనిచో, తన రోగము కుదురలేదని, తాను మురికివాడనని పిల్లవాడు క్రుంగిపోవును. ఇంట పెద్దలును తనతోపాటు ఆ మందునే పూసికొనుట చూచిన బిడ్డకు, తానొక్కడే వెలియైతినను చింత తగ్గునని మా చెల్లెలు చెప్పెను.

నిద్ర సంగతి వేఱు. వీరిలో పెక్కుమంది రాత్రులు నడచి పగలు దాగినవారు. చీకటిలో మేలుకొని యుండుటయే ప్రాణరక్షణ యని వారి దేహము నేర్చుకొన్నది. ఆ నేర్పు ఒక్కనాటిలో పోదు. కావున పగటి వెలుతురులో తిరుగుట, వేళకు తినుట, పడుకొనుచోట చిన్న దీపముంచుట మొదలగువానిచే దేహమునకు రాత్రిని మరల నేర్పుదురు. ప్రక్కయింటి మేడమీది దీపమునకు అర్థము మాకప్పుడు తెలిసెను.

వయస్సు చిక్కొకటి కలదు. ఆఫ్గనిస్తానపు పంచాంగము వేఱు. మన 2024 మార్చిలో వారికి 1403వ సంవత్సరము మొదలయ్యెను. పుట్టినతేదీ తెలియని పిల్లలకు జనవరి 1 అని కాగితములలో వ్రాయుట కలదు. మాకిది వింతగా తోచలేదు. మన పల్లెలలో పెద్దవారి కెందఱికో పుట్టినతేదీ జూలై 1. బడిలో చేర్చుకొన్ననాడు పంతులుగారు వేసిన తేదీ యది. మనకది నవ్వులాట. అచ్చట మాత్రము పదునెనిమిదికి ఈవలనో ఆవలనో తేలుటనుబట్టి ఇల్లు దొరకుటయు దొరకకపోవుటయు నుండును. వయస్సు తేల్చుట నర్సు పని కాదు. ఎదుట కూర్చున్న వానికి నొప్పి యెక్కడనో తెలిసికొనుట ఆమె పని.

ఇల్లనగా గోడలు కావు. 2021 జూలైనుండి ప్రభుత్వము ఇట్టి పిల్లలను వేలకొలది హోటళ్లలో నుంచెను. వారిలో 200 మంది జాడ తెలియకున్నదని 2023 జనవరిలో మంత్రియే పార్లమెంటునందు చెప్పెను. అట్లు వాడుకగా హోటళ్లలో నుంచుట చట్టవిరుద్ధమని అదే సంవత్సరము జూలైలో లండను ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. హోటలులో గది యుండును, మంచముండును, అన్నముండును. ప్రొద్దుపోయినను రాలేదేమని గుమ్మమున నిలుచు మనిషి యుండదు. ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, లండనునందు అన్నా ఫ్రాయిడును డోరతీ బర్లింగ్‌హామును శిశుగృహములు నడపిరి. బాంబులకంటె తల్లి నెడబాయుటయే పసివారిని ఎక్కువ గాయపఱచుచున్నదని వారు గమనించి, పిల్లలను చిన్న చిన్న కుటుంబములుగా పంచి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క దాదిని తల్లివలె ఏర్పఱచిరి. పదిమంది చేతులు మాఱుటకన్న ఒక్క చేయి నిలుకడగా నుండుట మేలని వారి తాత్పర్యము.

ఈ సంగతులన్నియు వినుచుండగా మాకు చిన్ననాటి చదువు జ్ఞప్తికి వచ్చెను. మా తండ్రిగారు మాకు భారతము చెప్పుచుండిరి. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు కర్ణునికి జన్మరహస్యము తెలిపి, పాండవులలో చేరి రాజ్య మేలుమని యడుగును. అప్పుడు కర్ణుడు కన్నతల్లిని గాక రాధను తలచును. తనను చూచినంతనే ప్రేమచేత ఆమెకు పాలు చేపెనని, తన మలమూత్రముల నామె యెత్తెనని, అట్టి తల్లికి పిండము పెట్టుట మానుట యెట్లని యనును. సంస్కృత భారతమున ఈ మాట వచ్చినప్పుడు మేము బాల్యచాపల్యముచే ముక్కు మూసికొని నవ్వితిమి. మా తండ్రిగారు నవ్వలేదు. అంత వీరుడు, అంత దాత, రాజ్యము ఎదుటికి వచ్చినవేళ తలచుకొన్నది ఆ యెత్తిన చేతినే. ముప్పదియేండ్లు దాటిన పిమ్మటగాని మాకా మాట బరువు తెలియలేదు. నర్సు చేయునది రాధ చేసిన పనియే. బిడ్డ కథను ఆమె అడుగలేదు. బిడ్డ దేహమును ఏవగింపక కైకొనెను.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పక తప్పదు. మా ఆడుబిడ్డ 2021లో కోవిడు వ్యాధిచే గతించెను. ఆమె భర్త అంతకు ముందే లేడు. బిడ్డ ఆఱేండ్లవాడై మా యింటికి వచ్చెను. తొమ్మిదేండ్లు వచ్చినను పక్క తడుపుచుండెను. మేము వానికి కడుపునిండ పెట్టితిమి, మంచి బట్టలు కుట్టించితిమి, చదువు చెప్పించితిమి. కాని తడిసిన దుప్పటిని చూచినప్పుడెల్ల గొణుగుకొంటిమి. సిగ్గుపడి మానుకొనునని తలచి, ఒకసారి దానిని వీధివాకిట నాఱవేసితిమి. చుట్టములు వచ్చినప్పుడు వానిని ముందునకు పిలిచి, “పాపము, తల్లి లేని పిల్లవాడు” అని చెప్పితిమి. వాడు తలవంచుకొని నిలుచుండెడివాడు. అది వినయమని మేము మురిసితిమి.

ఒక రాత్రి చెల్లెలితో ఇదియంతయు చెప్పి కన్నీరు పెట్టుకొంటిమి. ఆమె నిందింపలేదు. పక్క తడుపుట బిడ్డ చేయు తప్పు కాదని, మలబద్ధకము, మూత్రపు జబ్బు, మధుమేహము లేవని ముందు వైద్యునిచే నిశ్చయము చేసికొనవలెనని, పగలు నీరు మాన్పింపరాదని, పఱుపుపై రబ్బరు గుడ్డ పఱచి, ఆఱిన బట్టలు మంచము ప్రక్కనే యుంచవలెనని చెప్పెను. “తిట్టకుము. ఎవరి యెదుటను చెప్పకుము. వాని చేతికందునట్లు పెట్టి యూరకుండుము” అనెను.

ప్రక్కయింటి బాలునియెడల మేము ఆ మాటనే పాటింప మొదలిడితిమి. దోసెలు పోసిననాడెల్ల రెండు దడిమీద పెట్టి లోనికి వచ్చెడివారము. సాయంత్రమునకు పళ్లెము కడిగి యచ్చటనే యుండెడిది. మేము పయనమగు వారమున వాడు దడికడ నిలిచి, పెనమువైపు చూపి, తానును పోయుదునని సైగ చేసెను. ఆ గృహిణి సమ్మతించి వెంట వచ్చెను. మొదటి దోసె చినిగెను. రెండవదానిని గుండ్రముగా త్రిప్పుచు, ఎవరును అడుగకయే, “మా అమ్మ పెనము దీనికన్న పెద్దది” అనెను. మేము “అట్లా” అని, మఱికొంత పిండి యందిచ్చితిమి.

సోదరీమణులారా! పరదేశపు బిడ్డలు మన వాకిటికి రాకపోవచ్చును. కాని తల్లి లేని బంధువుల పిల్లలు, హాస్టలు విడిచి సెలవులకు వచ్చిన పిల్లలు మన యిండ్లలోను లేకపోలేదు. వారి కథ వినవలెనను కుతూహలమును అణచుకొని, వారి కాళ్లు, పండ్లు, నిద్ర, పక్క—వీనిని చూచుకొందము. చెప్పవలెనని తోచిననాడు వారే చెప్పుదురు. తోచకున్నచో అదియు వారి హక్కే.

ఇంటికి వచ్చిన పిమ్మట వైద్యునికి చూపించితిమి, జబ్బేదియు లేదనెను. రబ్బరు గుడ్డ పఱచితిమి. నడవలో చిన్న దీపముంచితిమి. ఇప్పటికిని నెలకు రెండు మూడు రాత్రులు పక్క తడియుచునే యున్నది. వాడే లేచి తడిబట్టలు తొట్టిలో వేయును, మేము ఉతుకుదుము. ఆ మాట ఇంట నెవరును ఎత్తరు. మొన్న నొక సాయంకాలము వంటింటి గడపకడ నిలిచి, “అత్తా, మా అమ్మ చీర యొకటి నీ పెట్టెలో ఉన్నదా?” అని యడిగెను. ఉన్నదని తీసి యిచ్చితిమి. ఎందుకని యడుగలేదు.